కాళ్లు ఆగాయి.. గొంతు ఆగలేదు

అరకులోయలో ఉండే కుర్రాడికి విశాఖలో పరీక్ష ఉందంటే తెల్లారకముందే బయల్దేరాలి. అనంతగిరి ఘాట్‌ దిగి, శృంగవరపుకోట దాటి, వంద కిలోమీటర్లకు పైనే ప్రయాణం. దారిలో ఏదో మలుపు దగ్గర జీపు గుద్దుకుందనుకోండి. రక్తం కారలేదు, ఎముక విరగలేదు. ఏం కాలేదులే అని బట్టలు దులుపుకొని పరీక్షకు పరుగెడతాం. మెడ పట్టేసేది మర్నాడు. నడుం నొప్పి తెలిసేది ఇంకో రెండు మూడు రోజులకు. మూడు నెలలు దాటినా పోకపోతే డాక్టర్లు దాన్ని దీర్ఘకాలిక నొప్పి అంటారు. ప్రమాదం ఒక్క క్షణంలో అయిపోతుంది, దాని బాకీ మాత్రం ఏళ్ల తరబడి కట్టాల్సి వస్తుంది. అంతకంటే చాలా పెద్ద బాకీని 22 ఏళ్లు మోస్తూనే పని చేసిన మనిషి ఒకరున్నారు. నటుడు నూతన్‌ప్రసాద్‌.

మీకు పెద్దగా తెలియకపోవచ్చు. ఇంట్లో అమ్మానాన్నల్ని అడగండి, ఆయన మాట తీరును అనుకరించి మరీ చూపిస్తారు. 1945 డిసెంబరు 12న కృష్ణా జిల్లా కైకలూరులో పుట్టారు. అసలు పేరు వరప్రసాద్‌. బందరులో ఐటీఐ చదివారు. కొన్నాళ్లు నాగార్జునసాగర్‌లో, తర్వాత హైదరాబాద్‌ హెచ్‌ఏఎల్‌లో ఉద్యోగం. అవును, ఇప్పటికీ మనం నోటిఫికేషన్‌ కోసం ఎదురుచూసే ఆ హెచ్‌ఏఎల్లే. అక్కడ పనిచేస్తుండగానే రంగస్థల దర్శకుడు భానుప్రకాశ్‌ పరిచయమయ్యారు. అలా నాటకాల్లోకి వచ్చారు. ఏఆర్‌ కృష్ణ దర్శకత్వంలో మాలపల్లి నాటకాన్ని ఏకంగా 101 సార్లు ఆడారు. స్టేజీ మీద రెండో టేకు ఉండదు. చివరి వరుసలో కూర్చున్నవాడికీ ప్రతి మాటా స్పష్టంగా అందాలి. ఆ గొంతు అలా సానబట్టిందే.

1973లో హెచ్‌ఏఎల్‌ ఉద్యోగానికి రాజీనామా చేశారు. చేతిలో ఉన్న పర్మినెంట్‌ కొలువు వదిలేయడమంటే మన ఇళ్లలో ఎంత గొడవ జరుగుతుందో మీకు చెప్పక్కర్లేదు. అదే ఏడాది బాపు తీసిన అందాల రాముడుతో తెర మీదకు వచ్చారు. 1975లో ముత్యాల ముగ్గుతో జనానికి గుర్తుండిపోయారు. విలనీ, వెటకారం కలిపి పలికే డైలాగే ఆయన బ్రాండ్‌. సుందరీ సుబ్బారావు సినిమాకు నంది అవార్డు కూడా వచ్చింది. చేతినిండా సినిమాలు, క్షణం తీరిక లేని రోజులు.

1989 ఫిబ్రవరిలో బామ్మమాట బంగారుబాట షూటింగ్‌ జరుగుతోంది. క్రేన్‌తో పైకెత్తిన కారు సన్నివేశం తీస్తుండగా అది కిందపడింది. నూతన్‌ప్రసాద్‌ వెన్నుకు తీవ్రంగా దెబ్బతగిలింది. రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. అప్పటికి ఆయన వయసు 43. అక్కడి నుంచి చక్రాల కుర్చీయే.

వెన్నుపాము గాయమంటే నడవలేకపోవడం ఒక్కటే కాదు. ఇలాంటి గాయమైనవాళ్లలో సగానికి పైగా మందిని నొప్పి ఏళ్ల తరబడి వదలదు. ఒక్కోసారి అది నెలలు గడిచాక మొదలవుతుంది. స్పర్శ తెలియని కాళ్లలోనే మంట, తిమ్మిరి, షాక్‌ కొట్టినట్టు నొప్పి వస్తుంది. తెగిన వైరు తప్పుడు సిగ్నల్‌ పంపుతున్నట్టన్నమాట. ఒకే భంగిమలో ఎక్కువసేపు కూర్చుంటే పుళ్లు పడతాయి. బయటికి మాత్రం ఇవేవీ కనిపించవు.

అంత జరిగినా నూతన్‌ప్రసాద్‌ ఇంటికి పరిమితం కాలేదు. కుర్చీలో కూర్చునే పాత్రలు చేశారు. ఈటీవీలో నేరాలు-ఘోరాలు కార్యక్రమానికి గొంతిచ్చారు. ఆయన ముఖం చూడని పిల్లలు కూడా ఆ గొంతు వినగానే టీవీ ముందుకు చేరేవారు. పరిగెత్తే వేషాలు పోయాయి. కానీ నాటకాల రోజుల్లో సానబట్టిన గొంతు మిగిలింది, దాంతోనే రెండో కెరీర్‌ నిలబెట్టుకున్నారు. మొత్తం మీద 365కు పైగా సినిమాల్లో నటించి, 2011 మార్చి 30న హైదరాబాద్‌లో కన్నుమూశారు.

ఆయన ప్రతిభను నమ్ముకుని నెగ్గుకొచ్చారు. అందరికీ అలా కుదరదు, కుదరాలని అడగడం న్యాయమూ కాదు. అందుకే చట్టం తెలుసుకోండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వ ఉద్యోగాల్లో కనీసం 4 శాతం రిజర్వేషన్‌ ఉంది. ప్రభుత్వ కొలువులో ఉండగా వైకల్యం వస్తే తీసేయకూడదు. పాత పని చేయలేకపోతే అదే జీతంతో సరిపోయే మరో పోస్టు ఇవ్వాలి.

ఇక ఘాట్‌లో జీపు గుద్దుకున్న కుర్రాడి సంగతి. పరీక్ష రాసి రా తమ్ముడూ, కానీ అంతకంటే ముందే చేతులు కాళ్లు తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా, మెడ కదలకపోయినా నేరుగా ఆస్పత్రికి వెళ్లు. ఏమీ లేకపోయినా ఆ సాయంత్రమే డాక్టరుకు చూపించుకుని, చీటీ భద్రంగా దాచుకో. పరీక్ష మళ్లీ వస్తుంది.