రామానంద్ సాగర్

రామానంద్ సాగర్ (డిసెంబరు 29, 1917 - డిసెంబరు 12, 2005) సుప్రసిద్ధ హిందీ రచయిత, చలనచిత్ర మరియు టెలివిజన్ దర్శకుడు, నిర్మాత. దూరదర్శన్‌లో ప్రసారమైన 'రామాయణ్' ధారావాహిక ద్వారా ఇతడు దేశమంతటా ప్రఖ్యాతి పొందాడు.

బాల్యం, రచనలు

సాగర్ అవిభక్త పంజాబులో లాహోరు సమీపాన జన్మించాడు. అసలు పేరు చంద్రమౌళి చోప్రా. మగ సంతానం లేని అమ్మమ్మ ఇతడిని దత్తత తీసుకొని రామానంద్ అని పేరు మార్చింది. పగలు చిన్నచిన్న ఉద్యోగాలు చేస్తూ, రాత్రులు చదువుకొని సంస్కృత, పారశీక భాషలలో ప్రావీణ్యం సంపాదించాడు. యౌవనంలో క్షయవ్యాధికి గురై చికిత్స పొందుతున్న కాలంలో వ్రాసిన దినచర్య లాహోరు పత్రికలో అచ్చయి పాఠకుల ఆదరణ పొందింది. తరువాత పాత్రికేయుడుగా పనిచేశాడు. 1947లో దేశ విభజన కారణంగా స్వస్థలాన్ని వదలి వచ్చాడు. నాటి మారణకాండ నేపథ్యంగా 'ఔర్ ఇన్సాన్ మర్ గయా' అనే ఉర్దూ నవల వ్రాశాడు.

సినిమా రంగం

బొంబాయిలో పృథ్వీరాజ్ కపూర్ స్థాపించిన పృథ్వీ థియేటర్స్‌లో కొంతకాలం పనిచేశాడు. రాజ్ కపూర్ చిత్రం 'బర్సాత్' (1949) కు కథ సమకూర్చాడు. మద్రాసులోని జెమినీ సంస్థ నిర్మించిన 'పైగామ్' (1959) కు గాను ఉత్తమ సంభాషణల రచయితగా ఫిల్మ్‌ఫేర్ బహుమతి పొందాడు. అదే సంస్థకు 'ఘూంఘట్' (1960), 'జిందగీ' (1964) చిత్రాలను దర్శకత్వం వహించి ఇచ్చాడు. సొంత సంస్థ సాగర్ ఆర్ట్స్ పతాకంపై 'ఆర్జూ' (1965), 'ఆంఖేఁ' (1968), 'గీత్' (1970), 'చరస్' (1976) మొదలైన చిత్రాలు నిర్మించాడు. 'ఆంఖేఁ' ఇతడికి ఉత్తమ దర్శకుడిగా ఫిల్మ్‌ఫేర్ బహుమతి తెచ్చిపెట్టింది.

టెలివిజన్ రంగం

సినిమాలలో పేరున్నవారు టెలివిజన్ వైపు అంతగా చూడని రోజులలో, దాదాపు డెబ్బై ఏళ్ళ వయసులో సాగర్ ఈ రంగంలోకి వచ్చాడు. మొదట నిర్మించిన 'విక్రమ్ ఔర్ బేతాళ్' లో నటించిన అరుణ్ గోవిల్, దీపిక తరువాత సీతారాములుగా ఇంటింటికీ పరిచితులయ్యారు.

'రామాయణ్' 1987 జనవరి 25 నుండి 1988 జూలై 31 వరకు ఆదివారం ఉదయం వేళ ప్రసారమైంది. గుజరాత్‌లోని ఉమర్‌గాఁవ్‌లో చిత్రీకరణ జరిగింది. సంగీతం రవీంద్ర జైన్ సమకూర్చాడు. తులసీదాసు 'రామచరితమానస్' దీనికి ప్రధాన ఆధారం. వాల్మీకి, కంబ రామాయణాలతో పాటు తెలుగులోని రంగనాథ రామాయణాన్ని కూడా ఆధార గ్రంథాలలో పేర్కొన్నారు. 52 భాగాలుగా తలపెట్టినది ప్రజాదరణ వలన 78 భాగాలకు పెరిగింది. ప్రసార సమయంలో వీధులు నిర్మానుష్యమయ్యేవి. కొందరు టెలివిజన్ పెట్టెకు పూలమాలలు వేసి హారతి ఇచ్చేవారు. పట్టాభిషేకంతో ధారావాహిక ముగియనున్నదని తెలిసి, ఉత్తరకాండ కూడా చూపాలని ఉత్తర భారతంలోని పలు పట్టణాలలో పారిశుద్ధ్య కార్మికులు సమ్మె చేశారు. వాల్మీకిని తమ మూలపురుషుడుగా భావించే ఆ వర్గం వారికి, ఆయన లవకుశులకు ఆశ్రయమిచ్చే ఘట్టం ముఖ్యమైనది. ఆ కథ తరువాత 'లవ్ కుశ్' పేరుతో వెలువడింది.

విమర్శలు

కథనం మందకొడిగా సాగిందని, అనేక రామకథలున్న దేశంలో ఒకే పాఠానికి ప్రామాణికత కల్పించిందని విమర్శలు వచ్చాయి. ప్రభుత్వ ప్రసార సంస్థ మతగ్రంథాన్ని ప్రసారం చేయడం, అది నాటి అయోధ్య ఉద్యమానికి తోడ్పడిందా అనే విషయం నేటికీ పండితుల మధ్య చర్చనీయాంశాలే. సీత, రావణ పాత్రధారులు దీపిక, అరవింద్ త్రివేది 1991లో భారతీయ జనతా పార్టీ తరఫున లోక్‌సభకు ఎన్నికయ్యారు. మతవిద్వేషంలో మానవత్వం మరణించిందని నవల వ్రాసిన రచయిత సృష్టియే ఇటువంటి చర్చకు కేంద్రం కావడం గమనార్హం.

చివరి దశ

1993లో ప్రారంభమైన 'శ్రీకృష్ణ' కూడా విజయవంతమైంది. భారత ప్రభుత్వం 2000లో ఇతడిని పద్మశ్రీ పురస్కారంతో గౌరవించింది. 2005లో ముంబైలో మరణించాడు. 2020లో కరోనా లాక్‌డౌన్ సమయంలో దూరదర్శన్ 'రామాయణ్' ను మార్చి 28 నుండి పునఃప్రసారం చేసింది. ఏప్రిల్ 16న ప్రసారమైన భాగాన్ని 7.7 కోట్ల మంది చూశారని ఆ సంస్థ ప్రకటించింది.