కాకినాడ చేరిన హాల్డేన్ గారు

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని గురించి రాయమని కార్యదర్శిగారు అడగ్గానే నాకు జె.బి.ఎస్. హాల్డేన్ గారు గుర్తొచ్చారు. జన్యుశాస్త్రంలో ఆయన పేరు పెద్దది. నేను చెప్పబోయేది మాత్రం ఆయన పీల్చిన చెడుగాలి సంగతి.

ఆయన 1892లో ఆక్స్‌ఫర్డులో పుట్టారు. తండ్రి గనుల్లోని వాయువులను పరిశోధించేవారు. మన శ్వాసను ముఖ్యంగా నడిపేది బొగ్గుపులుసు వాయువేనని 1905లో ఆ తండ్రిగారే మరొకరితో కలిసి తేల్చారు. కొడుకును చిన్నప్పుడే గనుల్లోకి వెంట తీసుకెళ్లేవారట!

1939 జూన్ 1న లివర్‌పూల్ దగ్గర థెటిస్ అనే కొత్త జలాంతర్గామి పరీక్షకు వెళ్లి మునిగింది. లోపల 103 మంది. నావికులతో పాటు దాన్ని కట్టిన కార్మికులూ ఉన్నారు. మామూలుగా ఉండే వారికి దాదాపు రెట్టింపు మంది కావడంతో గాలి త్వరగా చెడింది. నలుగురే బయటపడ్డారు. కారణం తేల్చమని హాల్డేన్ గారిని అడిగింది కార్మిక సంఘాలు. సంఘం పెట్టుకున్న మనం ఈ మాట గమనించాలి.

ఆయన కాగితం మీద లెక్కవేసి ఊరుకోలేదు. నలుగురు మిత్రులతో ఉక్కు గదిలో కూర్చుని, తలుపు బిగించుకుని, వదిలిన గాలినే మళ్లీ పీల్చారు. గంటలు గడిచేకొద్దీ రొప్పు, తలనొప్పి. ఆ స్థితిలో తప్పించుకునే పరికరం తగిలించుకుని ప్రాణవాయువు పీలిస్తే వాంతులు!

ఆ పరికరంలో మనం వదిలిన గాలి ఒక డబ్బాలోని మందు గుండా తిరిగి నోటికి వస్తుంది. బొగ్గుపులుసును ఆ మందు పట్టేస్తుంది. సున్నపుతేటలో ఊదితే తెల్లబడడం మనమంతా బడిలో చూసిందే. ఈ కాలపు పరికరాల్లో సున్నంతో చేసిన గుళికలే వాడతారు. అవి అయిపోతే మనిషికి రొప్పు, తర్వాత మతి తప్పడం. తన మతి తప్పుతున్నట్టు తనకే తెలియదు, అదే ప్రమాదం. పైగా 30 మీటర్ల లోతున నూటికి ఒక పాలు వాయువు ఒడ్డున నాలుగు పాళ్లంత పని చేస్తుంది. ఇప్పుడు దాన్ని కొలిచే సాధనాలు కొన్ని పరికరాలకు అమరుస్తున్నారు. అయినా గుళికలు వేళకు మార్చక తప్పదు.

యుద్ధకాలంలోనూ ఆయన తన ఒంటిమీదే ఈ ప్రయోగాలు సాగించారు. ఒకసారి ప్రాణవాయువు ఎక్కువై ఫిట్స్ వచ్చి వెన్నుపూస దెబ్బతింది. ఆ నొప్పి ఆయన్ను వదల్లేదు.

1957లో మన దేశం వచ్చి, తర్వాత పౌరసత్వం తీసుకున్నారు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కాన్సర్‌తో పోయారు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని విద్యార్థుల చదువు కోసం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు పంపారు.

కాకినాడలో ఉద్యోగం చేసిన రోజుల్లో నాకీ సంగతి తెలిసింది. పోయిన నెల నేనూ దేహదానం ఫారం తెచ్చాను. మా ఆవిడ చదివి, ఏమీ అనకుండా బీరువాలో పెట్టింది. సంక్రాంతికి పిల్లలొస్తారు. అప్పుడు మళ్లీ కదపాలి.