అద్దం వెనుక అడవి దుస్తులు: వెరియర్ ఎల్విన్ బస్తర్ అధ్యయనం

జగదల్‌పుర్‌లోని మానవశాస్త్ర ప్రదర్శనశాలలో బస్తర్ గిరిజనుల దుస్తులు, శిరోభూషణాలు, నగలు సందర్శకుల కోసం అమర్చి ఉన్నాయి. వస్త్రాన్ని కట్టుకున్న మనిషి నుంచి వేరు చేసి అద్దం వెనుక నిలబెట్టినప్పుడు ఏది మిగులుతుంది, ఏది పోతుంది అన్న సందేహం ప్రదర్శనశాల నిర్వాహకుడికే కాదు, దుకాణం ముంగిట బట్టలు అలంకరించే వ్యాపారికీ తప్పదు. ఆ సందేహంతో దశాబ్దాలు గడిపిన పరిశోధకుడు వెరియర్ ఎల్విన్.

ఆయన 1902 ఆగస్టు 29న ఇంగ్లండ్‌లోని డోవర్‌లో, ఒక ఆంగ్లికన్ బిషప్ కుమారుడిగా జన్మించారు. ఆక్స్‌ఫర్డ్‌లో సాహిత్యం, మతశాస్త్రం చదివి, 1927లో క్రైస్తవ సేవాసంఘ సభ్యుడిగా పుణె చేరుకున్నారు. గాంధీజీ ప్రభావంతో జాతీయోద్యమానికి సన్నిహితుడై, 1932లో మిత్రుడు శామ్‌రావ్ హివాలేతో కలిసి మైకల్ కొండల్లోని కరంజియా గ్రామంలో స్థిరపడ్డారు. గోండులకు సేవ చేయడానికి వెళ్లిన మనిషి వారి నుంచి నేర్చుకోవడం మొదలుపెట్టారు. కొన్నేళ్లకే చర్చితో బంధం తెగిపోయింది.

1940ల ఆరంభంలో ఆయన దృష్టి బస్తర్ సంస్థానం వైపు మళ్లింది. తమ వంశ మూలాలను ఓరుగల్లు కాకతీయులతో ముడిపెట్టుకున్న పాలకుల రాజ్యమది. సరిగ్గా ఆ కాలంలోనే ఆదిలాబాద్ గోండుల మధ్య హైమెన్‌డార్ఫ్ పనిచేస్తున్నారు. ఎల్విన్ బస్తర్ కృషి నుంచి రెండు ప్రధాన గ్రంథాలు వెలువడ్డాయి. 1943 నాటిది మాడియాల హత్యలు, ఆత్మహత్యల విశ్లేషణ. 1947 నాటిది మురియా యువతీయువకుల ఘోటుల్ వ్యవస్థపై బృహత్ గ్రంథం.

ఈ రెండో గ్రంథంలో అలంకరణకు దక్కిన చోటు చిన్నది కాదు. ఘోటుల్‌లో చెలిక్, అంటే యువకుడు, తన చేతులతో చెక్కిన దువ్వెనను మొటియారికి, అంటే యువతికి కానుకగా ఇస్తాడు. ఆమె కొప్పులోని దువ్వెనలు అందం కోసమే కాక, ఘోటుల్‌లో ఆమెకున్న ఆదరణనూ చెబుతాయి. అదే దువ్వెనను గాజు పెట్టెలో పెడితే మిగిలేది చెక్కడపు నైపుణ్యమే. ఎవరు ఎవరికిచ్చారన్న మాట ఉండదు. మాడియా పురుషులు నృత్యవేళ ధరించే అడవిదున్న కొమ్ముల శిరోభూషణం సంగతీ అంతే. దాని గవ్వల సరాలు నర్తకుడి ముఖం మీద ఊగాలి.

బస్తర్ వస్త్రానికీ ఇటువంటి సంబంధమే ఉంది. పనికా నేతకారులు ఆల్ చెట్టు వేరు నుంచి, మన తొగరు జాతిదే అది, ఎరుపు, ముదురు గోధుమ రంగులు తీస్తారు. నూలును ఆముదంతోను, బూడిదతోను పదేపదే పదును చేశాకే రంగు పట్టుకుంటుంది. అంచుల్లో చేప, పీత, గొడ్డలి వంటి బొమ్మలు వస్తాయి. నేసేది ఒకరు, కట్టేది మరొకరు. ఇద్దరి మధ్య వారపు సంత ఉండేది.

ఎల్విన్‌పై విమర్శలూ తీవ్రంగానే వచ్చాయి. 1939లో బైగాల కోసం రక్షిత ప్రాంతాన్ని సూచించినందుకు, గిరిజనులను ప్రదర్శన వస్తువులుగా మార్చాలనుకుంటున్నారని పలువురు ఆక్షేపించారు. సామాజిక శాస్త్రవేత్త ఘుర్యే 1943లో ఆయన వైఖరిని ఖండించారు. ఎల్విన్ తర్వాత ఆ సూచనను విడిచిపెట్టారు. వ్యక్తిగత జీవితంలోనూ మచ్చ ఉంది: 1940లో వివాహమాడిన గోండు యువతి కోసీ నుంచి 1949లో విడిపోయారు. ఆమె తరువాతి జీవితం కష్టాల్లోనే సాగింది. గిరిజన స్త్రీల గురించి అంత సానుభూతితో రాసిన కలానికి ఇది జవాబు చెప్పుకోవలసిన విషయమే.

1954లో భారత పౌరసత్వం స్వీకరించి, ఈశాన్య సరిహద్దు ప్రాంత పరిపాలనకు మానవశాస్త్ర సలహాదారుగా నియమితులయ్యారు. అక్కడ ఆయన పోరాటం దుస్తుల మీదే ఎక్కువగా నడిచింది. మిల్లు బట్టలు, నిక్కర్లు నాగరికతకు గుర్తని భావించే అధికారులను వ్యతిరేకించి, స్థానిక మగ్గాలకు ఆదరణ కల్పించాలని వాదించారు. 1957లో వెలువడిన ఆయన విధాన గ్రంథపు రెండో ముద్రణకు ప్రధాని నెహ్రూ ముందుమాట రాశారు. 1959లో ఆ ప్రాంతపు కళలపై మరో గ్రంథం తెచ్చారు. 1961లో పద్మభూషణ్ అందుకున్నారు.

ఎల్విన్ 1964 ఫిబ్రవరి 22న ఢిల్లీలో మరణించారు. అదే ఏడాది వెలువడిన ఆత్మకథకు 1965లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.