సిడ్ లక్‌మన్: యజమాని ఓపికతో ఎదిగిన క్వార్టర్‌బ్యాక్

1939 వేసవి చివరి రోజుల్లో అమెరికాలోని చికాగో బేర్స్ జట్టు సాధన శిబిరంలో ఇరవై రెండేళ్ల యువకుడు ఒకరు బంతిని పదే పదే చేజార్చుకుంటూ కనిపించేవారు. అడుగులు తడబడేవి. వెనుకకు తిరగాల్సిన చోట ఆలస్యమయ్యేది. బంతి అందుకోవాల్సిన సహచరుడు అప్పటికే ముందుకు దాటిపోయేవాడు. అంతకు ఏడాది క్రితమే లైఫ్ పత్రిక ముఖచిత్రంపై దేశమంతటికీ పరిచయమైన ఆటగాడు ఆయనే. పేరు సిడ్ లక్‌మన్. ఆ తరువాతి ఏడేళ్లలో ఆయన జట్టు నాలుగు సార్లు జాతీయ విజేతగా నిలిచింది. ఈ రెండు దశల మధ్య ఏం జరిగిందో తెలుసుకోవాలంటే లక్‌మన్ ప్రతిభతో పాటు, ఆ జట్టుకు యజమానిగా, శిక్షకుడిగా ఒకే సమయంలో వ్యవహరించిన జార్జ్ హాలస్ గురించి కూడా చెప్పుకోవాలి.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ స్థానానికి మన దేశంలోని ఆటల్లో సరైన పోలిక లేదు. క్రికెట్‌లో ప్రతి బంతినీ జట్టు నాయకుడే వేస్తూ, ప్రతి బంతికీ ముందు పదిమందికీ కొత్త వ్యూహం చెప్పాల్సి వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆ రోజుల్లో ఏ ఎత్తుగడ వేయాలో మైదానంలో ఉన్న క్వార్టర్‌బ్యాకే నిర్ణయించేవారు. గీతకు అవతల నిల్చున్న శిక్షకుడు సైగ చేయడానికీ అప్పట్లో నియమాలు అంగీకరించేవి కావు. కనుక కుర్రవాడిని మైదానంలోకి పంపిన తరువాత యజమాని చేయగలిగింది ఏమీ ఉండేది కాదు. చేయాల్సిందంతా ముందే చేయాలి.

లక్‌మన్ 1916 నవంబరు 21న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో యూదు కుటుంబంలో జన్మించారు. ఎరాస్మస్ హాల్ ఉన్నత పాఠశాలలో చదువుతున్నప్పుడే ఫుట్‌బాల్‌లో పేరు తెచ్చుకున్నారు. తండ్రి మేయర్ లక్‌మన్‌కు లారీ రవాణా వ్యాపారం ఉండేది. 1935లో తన బావమరిది హత్యకు గురైన కేసులో ఆయన అరెస్టయ్యారు. మరుసటి ఏడాది దోషిగా తేలి సింగ్ సింగ్ జైలుకు వెళ్లారు. కుమారుడు కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరిన కాలమది. చిన్నా చితకా పనులు చేస్తూ చదువు కొనసాగించారు. శిక్షకుడు లూ లిటిల్ ఆయనను ఆదరించారు. కొలంబియా జట్టు గెలిచిన ఆటల కంటే ఓడినవే ఎక్కువ. అయినా బలమైన ప్రత్యర్థుల ఎదుట లక్‌మన్ బంతి విసిరే తీరు దేశం దృష్టిని ఆకర్షించింది. తండ్రి విషయాన్ని నాటి క్రీడా విలేకరులు ఆయన ఆటతో కలిపి రాయలేదు. లక్‌మన్ కూడా జీవితాంతం దాని గురించి బహిరంగంగా మాట్లాడలేదు.

వృత్తి ఫుట్‌బాల్ ఆడాలన్న కోరిక ఆయనకు పెద్దగా లేదు. చదువు ముగిశాక కుటుంబ వ్యాపారంలో స్థిరపడాలని అనుకున్నారు. ఆ ఆలోచన మార్చినవారు హాలస్. 1920లో నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ పుట్టుకకు కారకులైనవారిలో ఆయన ఒకరు. బేర్స్ జట్టును తానే నిర్మించి, అందులో తానే ఆడి, తానే శిక్షణ ఇచ్చినవారు. డబ్బు ఖర్చు చేయడంలో చేయి బిగువని పేరు. లీగ్‌లో కళాశాల ఆటగాళ్ల ఎంపిక పద్ధతి 1936లో మొదలైంది. దాని ప్రకారం ముందటి ఏడాది అట్టడుగున నిలిచిన జట్టు మొదట ఎంచుకుంటుంది. అంటే మంచి క్వార్టర్‌బ్యాక్‌లు సాధారణంగా బలహీనమైన జట్ల పాలవుతారు. హాలస్ మాత్రం పిట్స్‌బర్గ్ జట్టుతో ముందే ఒప్పందం కుదుర్చుకుని, ఆ జట్టుకు దక్కిన రెండో ఎంపికను తనదిగా చేసుకున్నారు. ఆపై న్యూయార్క్‌లో లక్‌మన్ ఇంటికి స్వయంగా వెళ్లి, భోజనానికి కూర్చుని, ఆయనను ఒప్పించారు.

హాలస్‌కు ఈ యువకుడితో ప్రత్యేక అవసరం ఉంది. అప్పట్లో చాలా జట్లు సింగిల్ వింగ్ అనే పద్ధతిలో ఆడేవి. అందులో బంతి నేరుగా కొన్ని గజాల వెనుక నిల్చున్న ఆటగాడి చేతికి వచ్చేది. కొలంబియాలో లక్‌మన్ చేసిన పని అదే. బేర్స్ మాత్రం టీ ఫార్మేషన్‌ను నమ్ముకున్నారు. అందులో క్వార్టర్‌బ్యాక్ మధ్య ఆటగాడికి ఆనుకుని నిల్చుని బంతిని చేతుల్లోకి తీసుకోవాలి. క్షణకాలం ప్రత్యర్థులకు వీపు చూపి తిరగాలి. ఒకరికి ఇస్తున్నట్టు నటించి మరొకరికి ఇవ్వాలి, లేదా వెనక్కి జరిగి విసరాలి. బలమైన చేయి ఒక్కటే ఇందుకు చాలదు. అడుగుల లెక్క కుదరాలి, వందల ఎత్తుగడలు కంఠస్థం కావాలి.

లక్‌మన్‌కు మొదట అది పట్టుబడలేదు. హాలస్ ఆయనను పక్కన పెట్టలేదు. అలాగని వెంటనే మైదానంలోకీ నెట్టలేదు. తొలి ఆటల్లో హాఫ్‌బ్యాక్ స్థానంలో ఆడించి, క్వార్టర్‌బ్యాక్ బాధ్యతను అనుభవజ్ఞుడైన బెర్నీ మాస్టర్సన్‌కే ఉంచారు. జట్టు పాత క్వార్టర్‌బ్యాక్ కార్ల్ బ్రంబాను అడుగులు నేర్పేందుకు నియమించారు. చికాగో విశ్వవిద్యాలయ శిక్షకుడు క్లార్క్ షానెసీ ఎత్తుగడల పుస్తకాన్ని ముందు పెట్టుకుని లక్‌మన్‌తో గంటల తరబడి కూర్చునేవారు. అక్టోబరులో న్యూయార్క్ జెయింట్స్ చేతిలో బేర్స్ మూడు పాయింట్ల తేడాతో ఓడిన ఆటలో, చివరి ఘట్టంలో లక్‌మన్ క్వార్టర్‌బ్యాక్‌గా దిగి తన జట్టును పోటీలోకి తెచ్చారు. సొంత ఊరి ప్రేక్షకుల ఎదుట ఓడినా, ఆ రోజుతో శిబిరంలోని సందేహాలు చాలావరకు తగ్గాయి.

అదే ఏడాది ఎంపికైన మరొక యువకుడి కథను దీని పక్కన ఉంచి చూడాలి. డేవీ ఒబ్రయన్ కళాశాల ఫుట్‌బాల్‌లో అత్యున్నతమైన హైస్‌మన్ ట్రోఫీ పొంది ఫిలడెల్ఫియా ఈగల్స్‌లో చేరారు. అక్కడా యజమాని, శిక్షకుడు ఒకరే. ఆయన బెర్ట్ బెల్. ఆటను ప్రేమించినవారే. కానీ జట్టు బలహీనమైనది, ఖజానా ఖాళీ. అయిదడుగుల ఏడంగుళాల ఒబ్రయన్‌కు మొదటి రోజు నుంచే మొత్తం భారం అప్పగించారు. తొలి సీజన్‌లోనే ఆయన పాస్‌ల దూరంలో లీగ్ రికార్డు సృష్టించారు. అయినా ఈగల్స్ గెలిచింది ఒకే ఒక ఆట. రెండో ఏడాదీ అంతే. చివరి ఆటలో అరవై సార్లు బంతి విసిరి, ఇరవై మూడేళ్ల వయసులో ఫుట్‌బాల్‌ను వదిలి ఎఫ్‌బీఐలో చేరిపోయారు. ఒబ్రయన్‌కు చికాగోలో దొరికినంత నీడ దొరికి ఉంటే ఆయన ఎంత దూరం వెళ్లేవారన్న ప్రశ్న సహజంగానే తలెత్తుతుంది.

1940 డిసెంబరు 8న వాషింగ్టన్‌లో టైటిల్ పోరు జరిగింది. మూడు వారాల క్రితం ఇదే ప్రత్యర్థి చేతిలో బేర్స్ 7-3 తేడాతో ఓడారు. అప్పటికి స్టాన్‌ఫర్డ్ శిక్షకుడిగా వెళ్లిపోయిన షానెసీ ఈ ఆట సన్నాహాలకు మళ్లీ చేయందించారు. ఫలితం 73-0. ఆ లీగ్ చరిత్రలో అంత తేడాతో ముగిసిన ఆట మరొకటి లేదు. లక్‌మన్ ఆ రోజు బంతిని విసిరింది చాలా కొద్దిసార్లు. తన ఎత్తుగడలతో సహచరులను పరుగెత్తించి, ద్వితీయార్ధంలో విశ్రాంతి తీసుకున్నారు. ఏడాది క్రితం అడుగులు తడబడిన వ్యక్తి ఆయనేనంటే నమ్మడం కష్టం. మరుసటి ఏడాది కూడా టైటిల్ చికాగోకే దక్కింది.

1942లో హాలస్ నౌకాదళంలో చేరడంతో శిక్షణ బాధ్యతను హంక్ ఆండర్సన్, ల్యూక్ జాన్సోస్ పంచుకున్నారు. యజమాని దూరమైనా ఆయన వేసిన పునాది నిలిచింది. 1943 నవంబరు 14న న్యూయార్క్ పోలో గ్రౌండ్స్‌లో సొంత నగరం లక్‌మన్‌ను సన్మానించింది. ఆ రోజు ఆయన ఏడు టచ్‌డౌన్ పాస్‌లు విసిరారు. 433 గజాలు సాధించి, లీగ్‌లో ఒకే ఆటలో 400 గజాలు దాటిన తొలి వ్యక్తి అయ్యారు. బేర్స్ 56-7తో గెలిచారు. ఆ సంబరం జరుగుతున్న వేళ తండ్రి అదే నగరానికి ఉత్తరాన జైలు గోడల మధ్య ఉన్నారు. కొద్ది నెలలకే అక్కడే మరణించారు. పది ఆటల ఆ సీజన్‌లో లక్‌మన్ 28 టచ్‌డౌన్ పాస్‌లు విసిరి లీగ్ ఉత్తమ ఆటగాడిగా ఎంపికయ్యారు. టైటిల్ పోరులో మరో అయిదు విసిరారు. ఆ తరువాత వాణిజ్య నౌకాదళంలో చేరి యుద్ధకాలపు అట్లాంటిక్ ప్రయాణాలు చేశారు. సెలవు దొరికినప్పుడు వచ్చి ఆడేవారు.

1946లో కొత్త లీగ్ ఒకటి మొదలైంది. చికాగోలోనే ఏర్పడిన రాకెట్స్ జట్టు లక్‌మన్‌కు భారీ మొత్తం చూపింది. ఆయన వెళ్లలేదు. ఆ డిసెంబరులో జెయింట్స్‌పై నాలుగో టైటిల్ నెగ్గినప్పుడు, చివరి ఘట్టంలో అందరినీ ఏమార్చి తానే బంతితో పరుగెత్తి టచ్‌డౌన్ సాధించారు.

అయితే హాలస్ ఓపికను ఆయన శాశ్వత స్వభావంగా చూపితే కథ అసత్యమవుతుంది. 1948లో లక్‌మన్ వారసత్వం కోసం బేర్స్ వద్ద ఇద్దరు యువకులు ఉన్నారు: జానీ లుజాక్, బాబీ లేన్. అప్పటికి చికాగోలో మూడు వృత్తి జట్లు. రెండు లీగ్‌ల పోటీలో జీతాలు పెరిగిపోయాయి. ముగ్గురు ఖరీదైన క్వార్టర్‌బ్యాక్‌లను పోషించడం హాలస్‌కు భారమైంది. ఒక్క సీజన్ తరువాత లేన్‌ను న్యూయార్క్ బుల్‌డాగ్స్‌కు వదులుకున్నారు. అక్కడ ఒక దుర్భరమైన ఏడాది గడిపి డెట్రాయిట్ చేరిన లేన్, 1952, 1953ల్లో ఆ జట్టును విజేతగా నిలిపారు. లుజాక్ గొప్ప ఆరంభం చేసినా గాయాలతో 1951 తరువాత ఆటను విడిచారు. 1949లో వచ్చిన జార్జ్ బ్లాండాను హాలస్ పదేళ్లు ఉంచుకున్నారు. అయితే ఎక్కువగా బంతిని తన్నేవాడిగానే వాడుకున్నారు. బ్లాండా 1960లో హ్యూస్టన్ ఆయిలర్స్‌కు వెళ్లి, వెళ్లిన రెండేళ్లూ టైటిల్ తెచ్చారు. 1961లో 36 టచ్‌డౌన్ పాస్‌లు విసిరారు. 48 ఏళ్లు నిండేవరకు ఆడారు. లేన్‌ను వదులుకున్నందుకు హాలస్ తరువాత పశ్చాత్తాపపడ్డారు. 1946 తరువాత బేర్స్ మళ్లీ విజేతలు కావడానికి 1963 వరకు ఆగాల్సి వచ్చింది.

లక్‌మన్ 1950లో రిటైరయ్యారు. వ్యాపారంలో రాణిస్తూనే బేర్స్ యువ క్వార్టర్‌బ్యాక్‌లకు శిక్షణ ఇచ్చారు. టీ ఫార్మేషన్‌ను కళాశాలలకు వెళ్లి ప్రతిఫలం ఆశించకుండా నేర్పారు. బ్రంబా, షానెసీ తన కోసం వెచ్చించిన గంటలను ఆయన మరచిపోయినట్టు లేరు. 1965లో వృత్తి ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. 42వ నంబరు చొక్కాను బేర్స్ ఇంకెవరికీ ఇవ్వలేదు.

హాలస్ 1983 అక్టోబరు 31న మరణించారు. అదే ఏడాది ఆయన లక్‌మన్‌కు ఒక లేఖ రాశారు. అందులో యజమాని స్వరం కంటే తండ్రి స్వరమే ఎక్కువగా వినిపిస్తుంది. లక్‌మన్ 1998 జులై 5న ఫ్లోరిడాలో 81 ఏళ్ల వయసులో కన్నుమూశారు. బేర్స్ తరఫున ఆయన విసిరిన 137 టచ్‌డౌన్ పాస్‌ల రికార్డును ఆ జట్టులో 2015 వరకు ఏ క్వార్టర్‌బ్యాక్ కూడా దాటలేకపోయారు.