బ్రౌన్ దొర బదిలీలు



మన విద్యాలయాల్లో చదివే పిల్లలకు బదిలీ అనే మాట కొత్త కాదు. ఇంట్లో పెద్దవాళ్లకు ఉత్తర్వు వస్తుంది. సామాను పెట్టెల్లోకి చేరుతుంది. టి.సి. తీసుకుని ఇంకో ఊరు వెళ్లి, ఇంకో తరగతిలో కూర్చుంటాం. పాఠ్యపుస్తకాలు అవే, యూనిఫాం అదే. బజారులో వినబడే భాష మాత్రం వేరు. ఉపాధ్యాయులమైన మాకూ ఇదే అనుభవం. ఇలాంటి బదిలీల ఉద్యోగమే చేస్తూ, తాను చేరిన చోటి భాషకు జీవితమంతా ధారపోసిన ఒక వ్యక్తి గురించి ఈ సంచికలో తెలుసుకుందాం. ఆయన పేరు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. తెలుగువాళ్లకు ఆయన బ్రౌన్ దొర.

దొర అనే మాటలో గౌరవమూ ఉంది, భయమూ ఉంది. ఆ కాలంలో పన్ను వసూలు చేసే ప్రతి తెల్ల అధికారీ దొరే. అలాంటి దొరల్లో చాలామంది పేర్లు మనకు ఈనాడు గుర్తు లేవు. ఈయన పేరు ఎందుకు నిలిచిందో చూద్దాం.

బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు, అనేక భాషలు తెలిసినవాడు, కలకత్తాలోని ఫోర్ట్ విలియం కళాశాలలో పెద్ద బాధ్యతలు చూసినవాడు. కొడుకుకు చిన్నతనంలోనే పలు భాషలు నేర్పించాడు. 1812లో ఆయన మరణించడంతో కుటుంబం ఇంగ్లండు చేరింది. పుట్టి పెరిగిన ఊరు వదిలి, తండ్రిని పోగొట్టుకుని, సొంత దేశమని పేరే తప్ప తానెరుగని దేశానికి ఆ పిల్లవాడు వెళ్లాడు. అక్కడ హేలీబరీలో ఈస్టిండియా కంపెనీ తన ఉద్యోగుల కోసం నడిపే కళాశాలలో చదివి, 1817 ఆగస్టులో మద్రాసులో దిగాడు. అప్పటికి ఆయనకు పంతొమ్మిదో ఏడు ఇంకా నిండలేదు. తెలుగు ఒక్క ముక్క రాదు.

కంపెనీకి దేశభాషల అవసరం ఎందుకు వచ్చింది? శిస్తు వసూలు చేయాలి, తగవులు తీర్చాలి. రైతు చెప్పేది కలెక్టరుకు అర్థం కాకపోతే, నడుమ నిలబడిన దుబాసీ ఏది చెబితే అదే నిజం. అందుకే మద్రాసులోని ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాలలో కొత్త ఉద్యోగులకు భాషలు నేర్పి, పరీక్ష పెట్టేవారు. బ్రౌన్ అక్కడే వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర తెలుగు అక్షరాలు దిద్దారు. 1820లో పరీక్షలో నెగ్గారు. చాలామంది దొరలకు భాషతో పని అక్కడితో సరి. బ్రౌన్‌కు మాత్రం అసలు పని అక్కడే మొదలైంది.

మొదటి ఉద్యోగం కడపలో, కలెక్టరుకు సహాయకుడిగా. తరువాత మచిలీపట్నం, రాజమండ్రి, మళ్లీ కడప, గుంటూరు. ఇలా ఊరు తరువాత ఊరు తిరిగారు. కడపలో 1821లో పిల్లలకు ఉచితంగా చదువు చెప్పే రెండు బడులు పెట్టించారు. మచిలీపట్నంలోనూ బడులు పెట్టించారు. ఖర్చు తన జీతంలోంచే పెట్టుకునేవారు.

మచిలీపట్నంలో ఉన్న రోజుల్లో, ఒక ఫ్రెంచి మతగురువు రాసిన పుస్తకంలో వేమన అనే కవి ప్రస్తావన ఆయన కంటబడింది. వేమన పద్యాలు జనం నోళ్లలో నానుతూనే ఉన్నా, పండితుల దగ్గర వాటికి పెద్ద మర్యాద లేదు. అందరికీ అర్థమయ్యే మాటల్లో ఉన్నవి కావ్యాలెలా అవుతాయని వారి అభిప్రాయం. బ్రౌన్ ఊరూరా వేమన ప్రతులు సేకరించారు. ఒక్కో ప్రతిలో ఒక్కో రకంగా ఉన్న పద్యాలను పోల్చి, సరిదిద్ది, ఇంగ్లీషులోకి అనువదించారు. 1829లో 693 పద్యాలతో పుస్తకం అచ్చయింది. పదేళ్ల తరువాత వచ్చిన ప్రతిలో ఆ సంఖ్య వెయ్యి దాటింది.

ఈ పోల్చడం అనే పని ఎంత కష్టమో ఒకసారి ఆలోచించండి. ఆనాటి మన పుస్తకాల్లో ఎక్కువ భాగం తాటాకుల మీదే ఉండేవి. ఒక తాటాకు ప్రతిని చెదలు తింటే, ఇంకోదానిలో రాసినవాడు ఒక పాదం వదిలేసి ఉంటాడు. మూడోదానిలో తనకు అర్థం కాని మాటను మార్చేసి ఉంటాడు. ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి చదివి, తప్పులు తీసి, శుద్ధప్రతిని కాగితం మీద ఎక్కించాలి. ఒక మనిషి వల్ల అయ్యే పని కాదు. పైగా ఆ మనిషికి ఎప్పుడు బదిలీ అవుతుందో తెలియదు.

బ్రౌన్ దీనికి ఒక ఉపాయం చేశారు. రెండోసారి కడపకు వచ్చినప్పుడు తోటతో సహా ఒక బంగళా కొన్నారు. అందులో పండితులను, లేఖకులను నెల జీతాల మీద కూర్చోబెట్టారు. అజమాయిషీ అయోధ్యాపురం కృష్ణారెడ్డికి అప్పగించారు. జనం దాన్ని బ్రౌన్ కాలేజీ అనేవారు. దొరకు బదిలీ అయినా అక్కడి పని ఆగలేదు. ఆయన ఎక్కడున్నా ఉత్తరాలు నడిచేవి. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైత బ్రహ్మయ్య వంటి పండితులు ఆయనతో కలిసి పనిచేశారు. వసుచరిత్ర, మనుచరిత్ర వంటి ప్రబంధాలకు టీకలు ఇలాగే వచ్చాయి. జీతం చాలక బ్రౌన్ అప్పులు చేశారు. బ్రౌన్ పేరు తలచుకున్నప్పుడల్లా ఈ పండితుల పేర్లు కూడా తలచుకోవడం మన ధర్మం. ఎందుకంటే ఆయనకు తెలుగు నేర్పినవారూ, తాటాకు చదివిపెట్టినవారూ వారే.

1832, 1833 సంవత్సరాల్లో గుంటూరు ప్రాంతం ఘోరమైన కరువులో చిక్కుకుంది. నందన నామ సంవత్సరంలో వచ్చింది కాబట్టి నందన కరువనీ, మనుషుల డొక్కలు ఎండిపోయాయి కాబట్టి డొక్కల కరువనీ జనం చెప్పుకున్నారు. వానలు లేవు. పన్నుల భారంతో అప్పటికే నలిగిన రైతు తట్టుకోలేకపోయాడు. సుమారు 5 లక్షల జనాభా ఉన్న గుంటూరు జిల్లాలో లక్షన్నర మందికి పైగా చనిపోయారని అంచనా. ఆ సమయంలో బ్రౌన్ అక్కడ పనిచేస్తున్నారు. పై అధికారులు ఈ ఘోరాన్ని కొరత అనడానికే ఇష్టపడ్డారు. బ్రౌన్ మాత్రం కరువును కరువు అనే రాశారు. అది వారికి నచ్చలేదు. కొరత అని రాస్తే కాగితం నింపాదిగా కదులుతుంది. కరువు అని ఒప్పుకుంటే ప్రభుత్వం గింజలు పంపక తప్పదు. ఒక్క మాట వెనుక ఎన్ని ప్రాణాలు ఉంటాయో ఇక్కడ తెలుస్తుంది.

ఆయన కూడా ఆ కంపెనీ ఉద్యోగే అన్న సంగతి మనం మరిచిపోకూడదు. ఆయన జీతం కూడా రైతు కట్టిన శిస్తులోంచే వచ్చింది. ఆ కంపెనీ పాలనను ఆయన మార్చలేకపోయారు. కానీ తన చేతిలో ఉన్న కలంతో అబద్ధం రాయలేదు.

ఆ కరువు తరువాత కొంతకాలానికి బ్రౌన్ ఇంగ్లండు వెళ్లారు. అక్కడ కూడా ఊరుకోలేదు. లండన్‌లోని కంపెనీ గ్రంథాలయంలో మన దక్షిణాది భాషల రాతప్రతులు చదివే దిక్కు లేక పడి ఉండడం చూశారు. వాటికి జాబితా తయారుచేసి, 2,106 ప్రతులు మద్రాసుకు తిరిగి వచ్చేలా చేశారు. ఆయన సేకరించిన గ్రంథాలు చాలావరకు ఈనాటికీ చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి.

మద్రాసుకు తిరిగి వచ్చాక ఆయన ప్రభుత్వానికి పారశీక అనువాదకుడిగా, తరువాత తపాలా శాఖ పెద్దగా పనిచేశారు. పగలు కచేరీ పని, మిగిలిన వేళల్లో తెలుగు పని. 1840లో ఆయన తెలుగు వ్యాకరణం వెలువడింది. 1852లో తెలుగు - ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది. ఆ తరువాత 1854లో ఒక మిశ్రభాషా నిఘంటువు కూడా తెచ్చారు. జిల్లా, తాలూకా, వకీలు, రసీదు వంటి మాటలు పారశీకం, హిందుస్తానీల నుంచి మన కచేరీల్లోకి వచ్చాయి. పండితులు ఇలాంటి వాటిని తెలుగు మాటలుగా లెక్కించేవారు కారు. బ్రౌన్ లెక్కించారు. కావ్యాల్లోని మాటలతోపాటు జనం రోజూ వాడే మాటలకూ నిఘంటువులో చోటిచ్చారు. ఏ పల్లెటూరి రైతు కచేరీలో నిలబడి ఏం మాట్లాడినా అర్థం కావాలంటే, ఆ రైతు వాడే మాటే నిఘంటువులో ఉండాలి కదా!

ఆరోగ్యం చెడిపోయి ఉద్యోగం విరమించి, ఆయన లండన్ చేరారు. 1865లో లండన్ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడయ్యారు. పెళ్లి చేసుకోలేదు. 1884 డిసెంబరు 12న, 87వ ఏట కన్నుమూశారు. కడపలో ఆయన బంగళా ఉన్న చోట ఇప్పుడు ఆయన పేరుతో గ్రంథాలయం, భాషా పరిశోధన కేంద్రం ఉన్నాయి. ఆయన నిఘంటువు ఇప్పటికీ అచ్చవుతోంది, కంప్యూటరులోనూ దొరుకుతోంది.

విద్యార్థులారా, బదిలీల్లో మనం పోగొట్టుకునేవి చాలా ఉంటాయి. స్నేహితులు, ఆటస్థలం, తెలిసిన వీధి. ఒక్కోసారి అమ్మభాష కూడా మెల్లగా చేజారుతుంది. మన తెలుగు తరగతుల్లోనే మాట్లాడడం వచ్చి చదవడం రాని పిల్లలు ఎందరో ఉన్నారు. అది వారి తప్పు కాదు. అయితే పరాయి భాషను పంతొమ్మిదో ఏట మొదలుపెట్టి, ఆ భాషకే నిఘంటువు ఇచ్చిన మనిషి ఒకరు ఉన్నారని తెలిస్తే, ఇంకా సమయం మించిపోలేదని మనకు అర్థమవుతుంది.

ఈ సెలవుల్లో ఒక నోటుపుస్తకం తీసుకుందాం. ఒక పేజీలో అమ్మమ్మ, తాతయ్య వాడే మాటలు, ఎదురు పేజీలో ఇప్పుడు మనం ఉంటున్న ఊరివాళ్లు వాడే మాటలు రాసుకుందాం. రోజుకు రెండు చాలు. వచ్చే ఉత్తర్వుకు ఊరు మారినా, ఆ పుస్తకం మన పెట్టెలోనే వస్తుంది.