గోదావరి సీమ బిడ్డ – డా॥ యల్లాప్రగడ సుబ్బారావు

సభ్య సోదర సోదరీమణులకు ఈ సంచికలో ఒక వైద్య శాస్త్రవేత్త జీవితాన్ని పరిచయం చేస్తున్నాం. ఆయన పేరు వినని ఇల్లు ఉండవచ్చు గాని, ఆయన కృషి ఫలితం చేరని ఇల్లు ఉండదు. మన తిరుమలాయపాలెంలోనైనా సరే, భద్రాచలం మన్యం వైపు గూడెంలోనైనా సరే, కడుపుతో ఉన్న ఆడకూతురికి నర్సమ్మ ఇచ్చే ఐరన్, ఫోలిక్ ఆసిడ్ మాత్ర వెనుక ఆయన శ్రమ ఉంది. బోదకాలు రాకుండా ఇంటింటికీ పంచే డి.ఇ.సి. మాత్ర వెనుకా ఉంది. అయితే మందు పుట్టినంత మాత్రాన పేదవాడి నోటికి చేరదు. మధ్యలో యుద్ధాలు, చట్టాలు, దేశాల మధ్య ఒప్పందాలు అడ్డుపడతాయి, ఒక్కోసారి సాయపడతాయి కూడా. సుబ్బారావు గారి జీవితంలో ఇవన్నీ కనపడతాయి.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇంట్లో లేమి. చదువు మీద మనసు నిలవక మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో గట్టెక్కారు. సన్యాసుల్లో కలుస్తానంటే తల్లి వెంకమ్మ గారు ఒప్పుకోలేదు. ఆఖరికి మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. తోడబుట్టిన వారిలో ఇద్దరిని స్ప్రూ అనే జబ్బు పొట్టన పెట్టుకుంది. తిన్నది ఒంటికి పట్టక, రక్తం క్షీణించి మనిషి శల్యమైపోయే జబ్బు అది. ఆ దెబ్బ ఆయన మనసులోంచి పోలేదు.

అవి గాంధీజీ పిలుపుతో విదేశీ బట్టలు వదిలేస్తున్న రోజులు. సుబ్బారావు గారు ఖద్దరు కోటు తొడుక్కుని ఆపరేషన్ థియేటరుకు వెళ్లారు. తెల్లదొర ప్రొఫెసరుకు అది గిట్టలేదు. బాగా చదివినా ఎం.బి.బి.ఎస్. దక్కలేదు, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టారు. సర్కారు వైద్య కొలువూ రాలేదు. కొంతకాలం మద్రాసులో ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పుకున్నారు.

అమెరికా వెళ్లాలంటే డబ్బేదీ? ఇక్కడ మన సంఘం వారు మనసు పెట్టి చదవవలసిన సంగతి ఒకటుంది. మామగారు కొంత సర్దారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామని మాట ఇచ్చింది. ఆ భరోసాతో 1920ల మొదట్లో ఓడెక్కి బోస్టన్ చేరారు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. ఆయన మళ్లీ తిరిగి రానేలేదు. లోకానికి జరిగిన మేలు చెప్పుకునేటప్పుడు ఆ ఇల్లాలు పడ్డ కష్టాన్ని కూడా తలచుకోవాలి.

బోస్టన్‌లో పగలు హార్వర్డులో చదువు, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే కొలువు. అలా ఉంటూనే సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని దగ్గర చేరి, రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతిని 1925లో ఇద్దరూ కలిసి ప్రకటించారు. ఆ పద్ధతి ఇద్దరి పేర్లతోనే ప్రపంచమంతా వాడుకలోకి వచ్చింది. తరువాత కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఎ.టి.పి. అనే పదార్థాలను వెలికితీశారు. ఇంత చేసినా హార్వర్డు ఆయనకు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు.

ఆనాటి అమెరికా చట్టాలు కూడా మనవాళ్లకు తలుపులు మూసేశాయి. 1917లో వచ్చిన చట్టం ఆసియా నుంచి వలసలను ఆపింది. భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని 1923లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చేసింది. 1946లో గాని ఆ తలుపు కొంచెం తెరుచుకోలేదు. అదీ ఏడాదికి వందమందికే. సుబ్బారావు గారు చివరిదాకా పరాయి దేశస్థుడిగానే అక్కడ బతికారు.

1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరి, కొద్దికాలానికే పరిశోధనలకు అధిపతి అయ్యారు. ఆయన వెంటపడిన మొదటి శత్రువు అన్నదమ్ములను మింగిన జబ్బే. అంతకుముందు 1928 నుంచి బొంబాయిలో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు మిల్లు కూలీ గర్భిణుల్లో రక్తహీనతను పరిశీలించారు. అందరికంటే తిండి నాసిగా ఉన్నదీ, జబ్బు ఎక్కువగా పట్టినదీ పేద ముస్లిం స్త్రీలనేనని ఆమె గమనించారు. ఈస్టు సారంతో వారికి నయమైంది గాని, అందులో పనిచేసేదేమిటో తేలలేదు. ఆ పదార్థమే ఫోలిక్ ఆసిడ్. సుబ్బారావు గారి బృందం 1945లో దాన్ని ప్రయోగశాలలోనే తయారుచేసి చూపింది. స్ప్రూ రోగులు కోలుకున్నారు. 1970 నుంచి మన దేశంలో గర్భిణులకు ఐరన్‌తో కలిపి సర్కారే ఈ మాత్ర ఇస్తోంది.

రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులు వేలమంది ఫైలేరియా పాలయ్యారు. తరతరాలుగా మన కూలివాళ్ల కాళ్లు వాచిపోతున్నప్పుడు పట్టని జబ్బు, సైన్యానికి సోకేసరికి పెద్ద సమస్య అయి కూర్చుంది. 1947లో లెడర్లీ నుంచి హెట్రజాన్ వచ్చింది. ఆ మందే డి.ఇ.సి. ఫోలిక్ ఆసిడ్‌ను పోలిన అమినోప్టెరిన్ ఇచ్చి, 1948లో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త క్యాన్సరును తాత్కాలికంగానైనా వెనక్కి నెట్టగలిగారు. ఆ కోవదే మెథోట్రెక్సేట్, ఇప్పటికీ క్యాన్సరుకు, కీళ్లవాతానికి వాడుతున్నారు. టెట్రాసైక్లిన్ మందుల్లో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా ఆయన నడిపిన ప్రయోగశాలలోనే డగ్గర్ అనే వృద్ధ శాస్త్రవేత్త చేతిలో బయటపడి, 1948లో లోకానికి తెలిసింది. చాలా వ్యాసాల మీద తన పేరు వేయించుకోక సహచరుల పేర్లే ఉంచారు. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, నిద్రలో కన్నుమూశారు.

ఆ తరువాత నడిచింది రాజకీయం. యాంటీబయాటిక్ మందుల ధరలు ప్రపంచంలో ఎక్కువగా ఉన్న దేశాల్లో పేద భారతదేశం ఒకటని, 1960 ప్రాంతంలో అమెరికా సెనేటులో కెఫావర్ కమిటీ విచారణలోనే బయటపడింది. మన పార్లమెంటు 1970లో కొత్త పేటెంటు చట్టం చేసింది. 1972 నుంచి అమలైంది. మందు మీద కాక, తయారుచేసే పద్ధతి మీదనే హక్కు అన్నది దాని సారాంశం. సోవియట్ సాయంతో హైదరాబాదులో ఐ.డి.పి.ఎల్. అప్పటికే వచ్చి ఉంది. చవక మందులకు హైదరాబాదు పేరుపడింది ఇలాగే. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం వల్ల 2005లో ఆ చట్టాన్ని మళ్లీ మార్చవలసి వచ్చింది.

బోదకాలును లోకం నుంచి తుడిచిపెట్టాలని 1997లో ప్రపంచ ఆరోగ్య సభ తీర్మానించింది. శ్రీలంక 2016లో ఆ గట్టు చేరింది. మనం ఇంకా చేరలేదు. ఎయిసాయ్ అనే జపాను కంపెనీ డి.ఇ.సి. మాత్రలను మన విశాఖపట్నంలోనే తయారుచేసి ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఉచితంగా ఇచ్చింది. తెలుగువాడి మందు ఇన్ని దేశాలు చుట్టి తెలుగు గడ్డకే వచ్చిందన్నమాట. ఇంటికి తెచ్చి ఇచ్చిన మాత్రను గూట్లో పడేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కాలు వాచాక ఏ మాత్రా దాన్ని మునుపటిలా చేయలేదు.

ఇక మన సంగతి. సంఘానికి వచ్చే వజీఫా దరఖాస్తుల్లో మొదట మార్కులు చూడటం మనకు అలవాటు. రెండుసార్లు తప్పిన కుర్రవాడి కాగితం అడుగుకు పోతుంది. సుబ్బారావు గారి కాగితం కూడా అలాంటిదే అయి ఉండేది. కాకినాడ ధర్మసంస్థ పెద్దలు అది ఎవరి బిడ్డదని గాని, ఎన్నిసార్లు తప్పాడని గాని ఆగిపోలేదు. ఈ ఏడు దరఖాస్తులు చూసే పెద్దలు అడుగున ఉన్న కాగితాలను కూడా ఒకసారి పైకి తీసి చదవాలని, ఆ పిల్లలను పిలిపించి మాట్లాడాలని మేము సవినయంగా కోరుతున్నాం.