గురజాడ ఇంటి ముందు ఎందుకు ఆగాలి?

మా ఫ్రెండ్ ఒకడు విశాఖలో ఆర్కిటెక్చర్ చదువుతున్నాడు. ఈ సెమిస్టర్ వాడి ప్రాజెక్టు, ఇరుకు సిటీ మధ్యలో ఒక ఆర్ట్ మ్యూజియం డిజైన్ చెయ్యడం. కేస్ స్టడీల్లో ఒకటి మన వైపుది ఉండాలని, విజయనగరంలో గురజాడ అప్పారావు గారి ఇల్లు చూసి రమ్మని నన్ను పంపాడు. ఆ ఇల్లు ఇప్పుడు ఆయన స్మారక భవనం. స్కూలుకి ఆ దారిలో ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. లోపలికి మాత్రం ఒక్కసారీ వెళ్ళలేదు.

వాడు మూడు ప్రశ్నలు వాట్సాప్ చేశాడు. లోపలికి దారి ఎక్కడ? వెలుతురు ఎటు నుంచి వస్తుంది? రోడ్డు మీద పోయేవాడు అక్కడ ఎందుకు ఆగాలి? మొదటి రెండూ ఫొటోలతో అయిపోయాయి. మూడోదానికి జవాబు ఆ గోడల్లో నాకు దొరకలేదు. ఆయన వాడిన వస్తువులు, ఫొటోలు, పుస్తకాలు ఉన్నాయి. అవన్నీ చూడ్డానికి అరగంట చాలు. ఆ అరగంట తర్వాత నేను చేసిన పని, ఆయన జీవితం మొదటి నుంచి చదవడం.

గురజాడ 1862 సెప్టెంబర్ 21న ఎస్. రాయవరంలో, మేనమామ గారింట్లో పుట్టారు. అది ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది. నాన్నగారు వెంకట రామదాసు విజయనగరం సంస్థానంలో ఉద్యోగి, అందుకని చిన్నతనం చీపురుపల్లిలో గడిచింది. తర్వాత చదువుకి విజయనగరం వచ్చేశారు. మహారాజా కాలేజీలో 1886లో బి.ఏ. పూర్తి చేసి, అక్కడే లెక్చరర్ అయ్యారు. ఆయన స్కూలు స్నేహితుడు గిడుగు రామమూర్తి. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టినవాడు, ఈయన కంటే ఏడాది చిన్న. తెలుగు రాసే పద్ధతినే మార్చిన ఇద్దరు ఒకే ఊళ్ళో, ఒకే బడిలో తిరిగారన్నమాట.

నన్ను ఆపిన మొదటి విషయం, గురజాడ ముందు రాసింది ఇంగ్లీషులో. 1883లో సారంగధర కథని ఇంగ్లీషు పద్యంగా రాశారు. అది కలకత్తా దాకా వెళ్ళింది. అక్కడి పత్రిక సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ మెచ్చుకుని, సొంత భాషలో రాయమని సలహా ఇచ్చాడు. అప్పటికి గురజాడకి ఇరవై, ఇరవై ఒకటి. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియం చదివి, ఈ వ్యాసం టైపు చెయ్యడానికి ఒత్తులు వెతుక్కుంటున్న నాకు ఇది చిన్న విషయంలా అనిపించలేదు.

రెండో విషయం మన బ్రాంచ్ వాళ్ళకి నచ్చుతుంది. ఆనంద గజపతి మహారాజు విశాఖపట్నం జిల్లాలో డబ్బు తీసుకుని ఆడపిల్లల్ని ఇచ్చిన బ్రాహ్మణ పెళ్ళిళ్ళ లెక్క తీయించారు. మూడేళ్ళలో 1034. అందులో అయిదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ధర 350 నుంచి 400 రూపాయలు. ఈ లెక్కలు గురజాడ 'కన్యాశుల్కం' ముందుమాటలో ఇచ్చారు. మనమైతే దీన్ని డేటాసెట్ అంటాం, ఒక గ్రాఫ్ గీసి వదిలేస్తాం. ఆయన దీన్నుంచి సుబ్బిని తీశారు, అప్పటికే విధవ అయిన ఆమె అక్క బుచ్చమ్మని తీశారు, కూతుర్ని ముసలాడికి అమ్మబోయే అగ్నిహోత్రావధాన్లుని తీశారు. జనం తిట్టుకోకుండా నవ్వుతూ చూసేలా గిరీశాన్ని పెట్టారు.

1892 ఆగస్టు 13న విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ ఆ నాటకం మొదటిసారి ఆడింది. 1897లో పుస్తకం అచ్చయింది. అదే ఏడాది ఆనంద గజపతి చనిపోయారు. తర్వాత గురజాడ రాజుగారి సోదరి, రీవా మహారాణి దగ్గర కార్యదర్శిగా చేరారు. సంస్థానం కోర్టు వ్యవహారాలు ఆయన చాలా ఏళ్ళు తినేశాయి. అయినా 1909లో నాటకాన్ని బాగా పెంచి, మధురవాణికి ఇంకా పెద్ద చోటిచ్చి, దాదాపు కొత్తగా రాశారు. మనం ఈరోజు చదివేది అదే.

ఆ నాటకం మొదటి రంగం ఎక్కడ మొదలవుతుందో తెలుసా? బొంకుల దిబ్బ మీద. మనం బేరాలాడి సరుకులు కొనుక్కునే బొంకుల దిబ్బే! గొప్ప భవనాల లిస్టులో ఎప్పుడూ రాని చోటు. పక్కనే కోట ఉన్నా, ఆయన కథని రాజుగారి హాల్లో మొదలుపెట్టలేదు. అక్కడ తిరిగే జనం మాట్లాడుకునే మాటలతోనే నాటకమంతా నడిపారు.

ఇది చదివాక ఫ్రెండ్ పంపిన కేస్ స్టడీల్లో ఇంకోటి అర్థమైంది. పారిస్‌లో పాంపిడూ సెంటర్ అని ఉంది, 1977లో తెరిచారు. రెంజో పియానో, రిచర్డ్ రోజర్స్ డిజైన్ చేశారు. సిటీ మధ్యలో దొరికిన స్థలంలో దాదాపు సగం ఖాళీగా వదిలేశారు, జనం కూర్చోడానికి. పైకెక్కే ఎస్కలేటర్ కూడా బయటే, ఎక్కుతుంటే ఊరంతా కనబడుతుంది. కళ అంటే తలుపు వేసుకుని చూసేది అన్న అలవాటుని ఆ బిల్డింగ్ మార్చింది. తెలుగు సాహిత్యానికి ఆ పని గురజాడ అంతకు చాలా ముందే చేశారు. తలుపు వీధి వైపు తీశారు.

అందుకు ఆయన మూల్యం చెల్లించారు. 1910లో 'ముత్యాల సరాలు', 'దిద్దుబాటు' వచ్చాయి. 1914లో, బడి తెలుగు ఎలా ఉండాలనే గొడవలో మద్రాసు యూనివర్సిటీకి పెద్ద అసమ్మతి పత్రం రాసిచ్చారు, జనం తెలుగే ఉండాలని. అప్పటికి గెలిచింది గ్రాంథికం వాళ్ళే. మరుసటి ఏడాది, 1915 నవంబర్ 30న, 53 ఏళ్ళకి ఆయన పోయారు. గెలుపు చూడలేదు.

నేను ఇంటర్‌లో హాస్టల్లో చేరినప్పుడు 'ఏటి' అన్నానని రూమంతా నవ్వారు. నెల తిరక్కుండా ఆ మాట మానేశాను. ఇంట్లో అమ్మతో ఫోన్లో కూడా 'ఏంటి' అనేవాణ్ణి. మా వైపు యాసని సిగ్గు లేకుండా అచ్చులోకి ఎక్కించిన మనిషి ఇల్లు మా ఇంటి నుంచి సైకిల్ దూరంలోనే ఉంది. నాకు మాత్రం ఆయన అప్పటికి నాలుగు మార్కుల కవి పరిచయం.

మూడో ప్రశ్నకి ఫ్రెండ్‌కి ఇలా రాసి పంపాను. ఈ మ్యూజియంలో ఇల్లు ఒక గది మాత్రమే. కోట, మహారాజా కాలేజీ, బొంకుల దిబ్బ మిగతా గదులు. వాటి మధ్య నడిచే రోడ్డే వరండా. ఇల్లు చూసినవాడికి బొంకుల దిబ్బకి దారి చూపించే ఏర్పాటు ఒకటి ఉంటే చాలు, ఆగుతాడు.

వాడు అంతా చదివి, బాగుంది గానీ ఇంటి ముందు వైపు కొలత పంపలేదేమని అడిగాడు. నిజమే, మర్చిపోయాను. ఆదివారం టేపు పట్టుకుని మళ్ళీ వెళ్తున్నాను. రెండో కొస పట్టుకోడానికి ఎవరైనా వస్తారా?